అస్థిసంధానము – పెంపు ప్రోటీనులు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు సవిస్తరముగా ప్రసంగించిరి. మేము విరిగిన యెముకలను గూర్చి నాలుగు మాటలు విన్నవింప నిలిచితిమి. ఈ సభకు ఎముకలతో నేమి పని యని తలంపవలదు. ఇంటికి ఆధారమైనవాని కాలు విరిగినచో ఆ కుటుంబమంతయు మంచము పట్టినట్లే. అట్టి వేళ క్రొత్త ప్రోటీను మందొకటి కలదని విన్నంతనే పొలము తాకట్టు పెట్టుటకైనను మనసొగ్గుట సహజము. కావున ఆ మందు చేయునదేమో, చేయలేనిదేమో ముందుగా నెరుగుట మన విధి.

ఎముకను సరిగా కూర్చి కదలకుండ నుంచినచో, పెక్కు విరుపులను శరీరమే యతికించుకొనును. పుత్తూరు కట్టునకును, వైద్యశాలలోని పిండికట్టునకును ఆధారమిదియే. విరిగినచోట రక్తము గడ్డకట్టును. అందు మెత్తని యెముక పుట్టి, క్రమముగా గట్టిపడును. ఈ పనికి కణములను పురికొల్పు దూతలే పెంపు ప్రోటీనులు.

1965లో అమెరికాలో మార్షల్ యూరిస్టు అను శస్త్రవైద్యుడు, ఆమ్లముతో ఖనిజాంశమును తీసివేసిన యెముకముక్కలను జంతువుల కండలలో నాటెను. ఎముక యుండని యా చోటనే క్రొత్త యెముక పుట్టెను! ఆ శక్తికి కారణమైన ప్రోటీనునే నేడు వైద్యులు బి.ఎం.పి. యందురు. ఢిల్లీ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందిన హరి రెడ్డిగారును, సంపత్ గారును 1981లో ఆ సారమును ఎముకనుండి కరగించి తీసిరి. సారము పోయిన యెముక నిర్జీవమయ్యెను. మరల కలుపగా పూర్వశక్తి వచ్చెను. 1988లో వీని జన్యువులు తెలియుటతో ప్రయోగశాలలో తయారుచేయుట సాధ్యమయ్యెను.

చర్మము చీలి మోకాలి క్రింది పెద్దయెముక విరిగిన 450 మందిపై జరిగిన పరీక్షాఫలము 2002లో ప్రకటితమయ్యెను. కడ్డీ వేసి, గాయము మూయునపుడు, ఎక్కువ మోతాదు ప్రోటీనును స్పాంజిలో నింపి పెట్టినవారికి, ఎముక అతుకక మరల చికిత్స కావలసివచ్చు నపాయము నూటికి 44 పాళ్లు తగ్గెను. ఇది సామాన్యలాభము కాదు.

అయినను దూత వేరు, మేస్త్రి వేరు. రక్తప్రసారమును, శుభ్రమైన గాయమును, కదలని యాధారమును లేనిచోట ఆజ్ఞ యొక్కటియే గోడ కట్టజాలదు. తగని చోటికి పంపిన దూత కీడును చేయును. మెడ వెన్నుపూసలలో దీనిని వాడగా గొంతు వాచి ప్రాణాపాయము కలిగినదని 2008లో అమెరికా ఔషధశాఖ హెచ్చరించెను. 2013లో రెండు స్వతంత్ర బృందములు పూర్వపరీక్షల లెక్కలను మరల శోధించి, నడుము వెన్నుపూసల యతుకునందు ఇది రోగి తుంటినుండి తీసిన యెముకకంటె రోగికి చెప్పదగినంత మేలు చేయుట లేదని తేల్చినవి.

పెప్టైడులు ప్రోటీనుల చిన్న తునుకలు. 15 అమైనో ఆమ్లముల పీ-15 యనునది అట్టిదే. ఇది కణములు పట్టుకొని నిలుచుటకు చోటు చూపును. మెడ వెన్నుపూసల యతుకునకై దీనికి 2015లో అమెరికాలో అనుమతి లభించెను. బి.ఎం.పి. వికటించిన చోటనే ఇది యనుమతి బొందెను. కావున ఒకదాని గుణము మరియొకదానికి అంటగట్టరాదు.

సోదరులారా! ఎవరైన నీ మందును సూచించినచో మూడు ప్రశ్నలు వేయుడు. ఇది లేక యెముక అతుకదా? ఈ యెముకకు దీనిని పరీక్షించి యనుమతించిరా? కీడేమి, వ్యయమెంత? గర్భిణులును, పుట్టకురుపు గలవారును, ఎదుగు పిల్లలును బి.ఎం.పి.కి దూరముగా నుండవలెను. పొగ త్రాగువారు వెంటనే మానుదురు గాక. పొగ యెముక యతుకును ఆలస్యము చేయును.

దాతలకు మా మనవి యొక్కటే. మన సహాయద్రవ్యము మొదట క్షతగాత్రుని వేగముగా వైద్యశాల జేర్చుటకును, గాయము కడిగి కడ్డీ వేయించుటకును, మంచముపై నున్న దినములలో ఆ యింట పొయ్యి వెలుగుటకును వినియోగమగుగాక. అవి సమకూరిన పిమ్మట, నిజముగా నవసరమైనవానికి ఈ క్రొత్త మందును గూడ వెనుదీయక యిప్పింతము. ఏ యింటివాడైనను మరల తన కాళ్లపై నిలిచిననాడే మన సంఘము నిలిచినట్లు.