బిడ్డ పక్షాన నిలిచే సర్కారీ వకీలు



ఈ రోజు మనం మాట్లాడుకోవలసింది పోలీసు స్టేషన్ గురించి కాదు, మనం రుసుము చెల్లించి పెట్టుకునే వకీలు గురించి కూడా కాదు. ఈ ఇద్దరి సంగతి మన కుటుంబాలకు ఎంతో కొంత తెలుసు. తెలియనిది మూడవ మనిషి సంగతి. నేరానికి గురైన బిడ్డ తరఫున న్యాయస్థానంలో లేచి నిలబడే ప్రభుత్వ న్యాయవాది, అనగా పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఎవరు? ఆయన వద్ద మనం ఏమి అడగవచ్చు? నేరారోపణ మన బిడ్డ మీదే వచ్చినప్పుడు ఆయన కర్తవ్యం ఏమిటి? ఈ ప్రశ్నలకు జవాబు తెలియని కారణంగా ఎన్నో కుటుంబాలు న్యాయస్థానం గుమ్మం దాకా వెళ్లి వెనుదిరుగుతున్నాయి.

జూబ్లీహిల్స్ అనగానే లోకానికి సినీతారల భవనాలు, ఫిల్మ్‌నగర్ స్టూడియోలు, కార్యాలయాలు గుర్తుకు వస్తాయి. మనకు ఆ కొండల అంచునే ఉన్న బస్తీలు, షేక్‌పేట, రహమత్‌నగర్, బోరబండ గల్లీలు కూడా గుర్తుకు వస్తాయి. ఈ రెండు లోకాల నడుమ దూరం కొద్ది కిలోమీటర్లే. కానీ చట్టం ఇచ్చిన రక్షణ ఒక లోకానికి అందినంత సులువుగా రెండవ లోకానికి అందడం లేదు. మన చర్చకు మూలం ఈ వ్యత్యాసమే.

2022 మే 28న జూబ్లీహిల్స్‌లోని ఒక పబ్బు నుండి బయటికి వచ్చిన మైనరు బాలికపై సామూహిక అత్యాచారం జరిగింది. మే 31న తండ్రి ఫిర్యాదు చేశాడు. మొదట నమోదైనవి అసభ్య ప్రవర్తనకూ, పోక్సో చట్టం 9, 10 సెక్షన్లకూ సంబంధించిన ఆరోపణలు. తరువాత మహిళా అధికారులు బాలికతో ఓపికగా మాట్లాడి, ఆమె వాంగ్మూలం నమోదు చేసిన మీదట కేసు సామూహిక అత్యాచారంగా, పోక్సో 5, 6 సెక్షన్ల కింద మారింది. నిందితులలో ఒకడు తప్ప మిగిలినవారు పద్దెనిమిదేళ్లు నిండనివారు. పలుకుబడి గల కుటుంబాల పిల్లలు వారిలో ఉన్నారన్న వార్తతో రాష్ట్రమంతా ఈ కేసు వైపు చూసింది.

ఆ బిడ్డల పేర్లు మేము చెప్పము. బాధితురాలి గుర్తింపును వెల్లడించరాదని పోక్సో చట్టం 23వ సెక్షన్, ఆరోపణ ఎదుర్కొంటున్న బాలల గుర్తింపును కూడా వెల్లడించరాదని బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ శాసిస్తున్నాయి. ఆ రోజుల్లో ఒక శాసనసభ్యుడు పత్రికా సమావేశంలో దృశ్యాలు బయటపెట్టగా ఆయన మీదనే కేసు నమోదైంది. వాట్సాప్‌లో వచ్చిన వీడియోను పదిమందికి పంపే మన యువకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మొదటి పాఠం బిడ్డ మాటకు ఉన్న విలువ. భయంతో ఉన్న బిడ్డ మొదటి రోజున అంతా చెప్పలేకపోవచ్చు. అందుకే వాంగ్మూలాన్ని బిడ్డ ఇంటి వద్ద గానీ, తాను కోరిన చోట గానీ నమోదు చేయాలని, వీలైనంత వరకు సబ్ ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని మహిళా అధికారి నమోదు చేయాలని, ఆ సమయంలో పోలీసు దుస్తులు ధరించరాదని పోక్సో చట్టం 24వ సెక్షన్ చెబుతున్నది. తల్లిదండ్రులు గానీ, బిడ్డ నమ్మే మరొకరు గానీ పక్కన ఉండవచ్చు. ఏ బిడ్డనూ రాత్రివేళ స్టేషన్‌లో ఉంచరాదు. హైదరాబాదులో 2016 నుండి పనిచేస్తున్న భరోసా కేంద్రం ఈ ఉద్దేశంతో ఏర్పడినదే. అక్కడే 2018లో బాలలకు అనుకూలమైన న్యాయస్థానం కూడా ప్రారంభమైంది.

ఇక ప్రభుత్వ న్యాయవాది సంగతి. పోక్సో చట్టం 32వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక న్యాయస్థానాలకు ప్రత్యేక పబ్లిక్ ప్రాసిక్యూటర్లను ప్రభుత్వం నియమించాలి. ఆ పదవికి న్యాయవాదిగా కనీసం ఏడేళ్ల అనుభవం ఉండాలి. ఆయనకు మనం ఒక్క రూపాయి చెల్లించనక్కర లేదు. ఆయన పోలీసుల ఉద్యోగి కాడు. ఎలాగైనా శిక్ష వేయించడం ఆయన పని కాదు. సాక్ష్యాన్ని సత్యంగా న్యాయస్థానం ముందు ఉంచడం ఆయన పని. నిందితునికి అనుకూలమైన పత్రం ఉన్నా దానిని దాచే అధికారం ఆయనకు లేదు.

న్యాయస్థానంలో బిడ్డను కాపాడే నియమాలు స్పష్టంగా ఉన్నాయి. ప్రాసిక్యూటరు గానీ, నిందితుని వకీలు గానీ ప్రశ్నలను న్యాయమూర్తికి అందించాలి, వాటిని న్యాయమూర్తే బిడ్డను అడగాలి. బిడ్డ శీలాన్ని కించపరిచే ప్రశ్నలకు తావు లేదు. నిందితుడు బిడ్డ కంటపడకుండా ఏర్పాటు చేయాలి. విచారణ బహిరంగంగా కాక లోపలే జరగాలి. బిడ్డను మాటిమాటికీ పిలిపించరాదు. న్యాయస్థానం కేసును స్వీకరించిన ముప్పై రోజులలో బిడ్డ సాక్ష్యం నమోదు కావాలని, వీలైనంత వరకు ఏడాదిలో విచారణ ముగియాలని 35వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. వీటిలో ఏది జరగకపోయినా ప్రాసిక్యూటరును కలిసి, న్యాయమూర్తి దృష్టికి తీసుకువెళ్లమని కోరే హక్కు మనది. సాక్ష్యానికి ముందే ఆయనను కలవండి. బిడ్డ తన వాంగ్మూలాన్ని గుర్తు చేసుకోవడానికి, న్యాయస్థానం గది ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి అవకాశం అడగండి. కుటుంబం తన సొంత న్యాయవాదిని కూడా పెట్టుకోవచ్చు. స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని 40వ సెక్షన్ చెబుతున్నది.

రెండవ పాఠం మరింత కఠినమైనది. ఆరోపణ ఎదుర్కొంటున్నవాడు కూడా బిడ్డే అయినప్పుడు ఏమి చేయాలి? జూబ్లీహిల్స్ కేసులో ఆ బాలలను జైలుకు పంపలేదు. బాలల న్యాయ మండలి ముందు హాజరుపరిచి పరిశీలనా గృహంలో ఉంచారు. ఆ మండలిలో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. ఏడేళ్లు గానీ అంతకు మించి గానీ కనీస శిక్ష గల ఘోర నేరాలలో, పదహారేళ్లు నిండిన బాలుని మానసిక, శారీరక సామర్థ్యాన్ని, పర్యవసానాలను గ్రహించే శక్తిని, నేరం జరిగిన పరిస్థితులను మండలి అంచనా వేయాలి. ఇది 15వ సెక్షన్. పెద్దలుగా విచారించాలని పోలీసులు కోరారు. 2022 సెప్టెంబరు 30న మండలి నలుగురి విషయంలో అందుకు సమ్మతించింది. 2023 ఏప్రిల్‌లో హైకోర్టు ఒక బాలుని విషయంలో కింది నిర్ణయాన్ని పక్కన పెట్టింది.

ఆ తీర్పులు సరైనవా కావా అన్నది నేటి మన విషయం కాదు. ఆ బాలుర తరఫున అనుభవం గల వకీళ్లు చట్టంలోని ప్రతి రక్షణనూ గుర్తు చేశారు. అది వారి హక్కు. కానీ అవే రక్షణలు సెల్‌ఫోన్ దొంగతనం ఆరోపణపై పట్టుబడిన బస్తీ బాలునికి కూడా ఉన్నాయి. అతనిని లాకప్‌లో ఉంచరాదు. ఇరవై నాలుగు గంటలలో మండలి ముందు హాజరుపరచాలి. చెడు సావాసంలో పడతాడనో, ప్రమాదంలో పడతాడనో, న్యాయానికి భంగం కలుగుతుందనో సరైన కారణం కనిపిస్తే తప్ప బెయిలు ఇవ్వాలి. అతడు నేరం ఎరుగనివాడనే భావనతోనే చట్టం మొదలవుతుంది.

బస్తీ బాలుడు వీటిని కోల్పోయేది ఎక్కడ? వయసు దగ్గర. 94వ సెక్షన్ ప్రకారం మొదట బడి ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం గానీ, పదవ తరగతి ధ్రువపత్రం గానీ చూస్తారు. అవి లేకపోతే మునిసిపాలిటీ గానీ, పంచాయతీ గానీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏవీ లేకపోతేనే వైద్య పరీక్ష. బడి మానేసిన బిడ్డకు ఏ కాగితమూ లేకపోతే పదిహేడేళ్లవాడు పంతొమ్మిదేళ్లవాడుగా నమోదై పెద్దల జైలుకు పోయే ప్రమాదం ఉన్నది. అయినా దారి మూసుకుపోదు. తాను బాలుడినన్న వాదనను ఏ న్యాయస్థానంలోనైనా, ఏ దశలోనైనా, తుది తీర్పు తరువాత కూడా లేవనెత్తవచ్చునని 9వ సెక్షన్ చెబుతున్నది.

కుటుంబ వివాదాల సంగతి వేరు. భరణం, సంరక్షణ వంటి కేసులలో బిడ్డ తరఫున ప్రభుత్వ న్యాయవాది తనంతట తాను రాడు. అక్కడ మనకు అండ న్యాయ సేవాధికార సంస్థ న్యాయవాది. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. తెలంగాణ నుండి వెళ్లిన కేసులోనే 2024 జూలై 10న సుప్రీంకోర్టు, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చునని తీర్పు చెప్పింది. అంతకు ముందే, 1997లో, తల్లి హక్కు ఏదైనా పిల్లల భరణం తండ్రి బాధ్యతేనని, 1986 నాటి చట్టం ఆ బాధ్యతను తగ్గించదని అదే న్యాయస్థానం తేల్చింది. కనుక తలాక్ జరిగిందన్న మాట చెప్పి బిడ్డ బడి ఫీజు ఎగ్గొట్టే తండ్రికి చట్టంలో చోటు లేదు.

మనలో ఒక మాట వినిపిస్తూ ఉంటుంది: నిందితుడు మనవాడైతే మౌనంగా ఉందాం, బాధితురాలు మన బిడ్డైతే పరువు కోసం మౌనంగా ఉందాం అని. ఈ రెండు మౌనాలూ బలవంతునికే ఉపయోగపడతాయి. నలుగురి నేరానికి సమాజమంతటినీ బోనులో నిలబెట్టడాన్ని మనం నిరాకరిస్తాం. ఆ నిరాకరణకు విలువ రావాలంటే, పేరు చూసి నిందితుని వెనకేసుకు రావడాన్ని కూడా అంతే గట్టిగా నిరాకరించాలి. పంచాయితీ పెట్టి డబ్బుతో రాజీ చేయడం బిడ్డకు రెండవ అన్యాయం. పోక్సో నేరం తెలిసీ తెలియజేయకపోవడం స్వయంగా నేరం.

కనుక ప్రతి మొహల్లాలో మనం చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి బిడ్డ జనన ధ్రువపత్రం, బడి పత్రం ఇంట్లో భద్రంగా ఉన్నాయా అని చూడాలి. బిడ్డ ఆపదలో ఉంటే 1098కు, న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయాలని ప్రతి తల్లికీ తెలియాలి. కేసు నడుస్తున్న కుటుంబంతో వాయిదా రోజున ఒకరు తోడు వెళ్లాలి. ప్రాసిక్యూటరు పేరు, కేసు సంఖ్య, తరువాతి వాయిదా తేదీ రాసిపెట్టాలి. చదువుకున్న మన యువతీ యువకులు న్యాయవాద వృత్తిలోకి, ప్రాసిక్యూటరు పరీక్షలలోకి రావాలి. మన భాష, మన బస్తీ ఎరిగినవారు ఆ కుర్చీలో కూర్చుంటే భయంతో ఉన్న బిడ్డ నోరు తెరవడం సులువవుతుంది.

బిడ్డ మన చేతిలో ఉంచిన అమానత్. ఆ అమానత్‌ను కాపాడే చట్టం ఉన్నది, ఆ చట్టాన్ని న్యాయస్థానంలో వినిపించవలసిన మనిషి ఉన్నాడు. వాయిదా రోజున ఆయన గది తలుపు తట్టడం మన పని.