రక్తము పోయే దారి, వచ్చే దారి
(సంఘ ఆరోగ్య కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ప్రాణము రక్తములో ఉన్నదని లేవీయకాండము 17వ అధ్యాయములో చదువుకున్నాము. ఆ రక్తము మన దేహములో ఏ దారిన పోయి ఏ దారిన తిరిగి వస్తుందో ఈ పూట చెప్పుకుందాము. పోయే దారి కంటె వచ్చే దారిని గూర్చే ఎక్కువ చెబుతాను. దానిని ఎవరూ పట్టించుకోరు గనుక.

గుండె మన పిడికిలంత ఉంటుంది. దాని కుడి భాగము రక్తమును ఊపిరితిత్తులకు పంపి శుభ్రము చేయించుకుంటే, ఎడమ భాగము ఆ శుభ్రమైన రక్తమును ధమనుల ద్వారా ఒళ్లంతటికీ నెడుతుంది. నిమిషానికి సుమారు 70 సార్లు, ఒక్కొక్కసారికి సుమారు 70 మిల్లీలీటర్లు. అంటే నిమిషానికి దాదాపు 5 లీటర్లు. పెద్దవారి ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపినా ఇంచుమించు అంతే!

ఇటువంటి లెక్కతోనే ఇంగ్లండు వైద్యుడు విలియం హార్వే 1628లో లోకము నమ్మకమును తలక్రిందులు చేశాడు. రక్తము కాలేయములో పుట్టి, అవయవములలో ఖర్చయిపోతుందని అంతకుముందు శతాబ్దాల తరబడి వైద్యులు నమ్మారు. గుండె అరగంటలో నెట్టే రక్తము ఒంట్లో ఉన్న మొత్తము కంటె ఎక్కువ గదా, అంత రక్తము తిన్న అన్నములోనుండి ఎలా వస్తుందని హార్వే అడిగాడు. వెళ్లిన రక్తమే తిరిగి వస్తున్నదని తేల్చాడు. ధమనుల నుండి సిరలలోనికి దాటించే కేశనాళికలు మాత్రము ఆయన కంటబడలేదు. ఆయన మరణించిన నాలుగేళ్లకు, 1661లో, ఇటలీ దేశపు మాల్పీగీ వాటిని కప్ప ఊపిరితిత్తులలో సూక్ష్మదర్శినితో చూశాడు.

డెల్టాలో పుట్టిన మనకు ఇది అర్థము కావడము తేలిక. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొరగారు ధవళేశ్వరము వద్ద ఆనకట్ట కట్టించారు. పంట కాలువలు, పిల్ల కాలువలు, బోదెలు దాటి నీరు చేనికి చేరుతుంది. అయితే చేలోకి వచ్చిన నీరు బయటికి పోకపోతే ఏమవుతుందో మన రైతును అడగండి. మురుగు కాలువలు పూడి, వానకు చేలు మునిగి, వరి కుళ్లిన ఏళ్లు ఎన్ని లేవు! మురుగు పారుదల బాగుచేయడానికి 1968లో ప్రభుత్వము డ్రైనేజి సెస్సు చట్టమే చేయవలసి వచ్చింది. పోలిక ఇంతవరకే సుమండీ. కాలువ నీరు పల్లానికి పారుతుంది. కాలిలోని రక్తము మెరక ఎక్కాలి.

ఎలా ఎక్కుతుంది? ధమనిలో 120 ఉన్న ఒత్తిడి సిరలకు వచ్చేసరికి 10, 15కు పడిపోతుంది. గుండె నెట్టుడు అక్కడికి అంతగా అందదు. అందుకే దేవుడు పిక్క కండలను పెట్టాడు. అడుగు వేసినప్పుడల్లా కండ బిగుసుకొని లోపలి సిరను పిండుతుంది. సిరలో ఉన్న చిన్న కవాటాలు రక్తమును పైకే పోనిస్తాయి, క్రిందికి జారనివ్వవు. మురుగు కాలువ చివర స్లూయిస్ తలుపులు పోటు నీటిని వెనక్కి రానివ్వకుండా మూసుకొన్నట్లే. కదలకుండా నిలబడితే చీలమండ వద్ద సిరలోని ఒత్తిడి సుమారు 90 ఉంటుంది. నడిస్తే అది 30కి అటూ ఇటూ దిగుతుంది.

గంటల తరబడి కదలక నిలబడే పని చేసేవారిలో కొందరికి ఈ కవాటాలు చెడిపోతాయి. అప్పుడు సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. మనవాళ్లు "నరాలు ఉబ్బినవి" అంటారు గాని అవి నరాలు కావు. అశ్రద్ధ చేస్తే చీలమండ దగ్గర చర్మము నల్లబడి, మానని పుండు పడుతుంది.

అంతకంటె ప్రమాదము ఇంకొకటి ఉన్నది. బాలింతను మంచము దిగనివ్వకుండా పడుకోబెట్టడము మన ఇళ్లలో ప్రేమ క్రింద లెక్క. ఆపరేషను అయినవారినీ అంతే. కదలని కాలిలో రక్తము గడ్డకట్టవచ్చు. ఒక కాలే వాచి, నొప్పి పుట్టి, వెచ్చబడితే ఆముదము రాసి పిసకకండి అమ్మా! ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణము మీదికి వస్తుంది. ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆయాసమూ, గుండెలో పోటూ తోడైతే ఒక్క నిమిషము ఆగవద్దు. ఆపరేషను మరునాడే నర్సమ్మ లేచి నడవమంటే ఆమెను కఠినురాలని అనుకోకండి.

ఇంతసేపు కదలక కూర్చున్నారు. అయ్యగారు అనుమతిస్తే, ముగింపు కీర్తనకు లేచినప్పుడు, పాడుతూనే మడమలు పదిసార్లు ఎత్తి దించండి.