ట్రయల్ పెట్టమని అడిగిన అమ్మాయి

(తాడ్వాయిలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తైక్వాండో నేర్చుకునే ఆడపిల్లల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. తైక్వాండో, కరాటే, బాక్సింగ్... ఆడపిల్ల చెయ్యెత్తే ఆట ఏదైనా ఇంట్లో వచ్చే ప్రశ్నలు ఒకటే. కాబట్టి మనకు దగ్గరి మనిషి, బాక్సర్ నిఖత్ జరీన్ గురించి చెప్తాను. 2016లో కామారెడ్డి వేరు జిల్లా కాకముందు మన తాడ్వాయిదీ ఆమెదీ ఒకటే నిజామాబాద్ జిల్లా.

ఆ ఇంట్లో నలుగురు ఆడపిల్లలు. తండ్రి జమీల్ అహ్మద్ ఆటలాడినవాడు, కూతురికి మొదట పరుగు పందేలు నేర్పాడు. గ్రౌండులో బాక్సింగ్ దగ్గర మగపిల్లలే ఉంటే, ఆడపిల్లలు ఎందుకు లేరని ఆ పిల్ల అడిగింది. చేరింది. నిక్కరు వేసుకుంటోందని చుట్టాలు సణిగారు. మొహం మీద దెబ్బ చూసి, పెళ్లెవరు చేసుకుంటారని తల్లి ఏడ్చింది. ఆ తల్లిని చూసి మనం నవ్వొద్దు. ఆ భయం ఆమె పుట్టించింది కాదు, మనందరి ఇళ్లలో ఉన్నదే. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ పోటీల్లో బంగారు పతకం గెలిచాక నోళ్లు మూతపడ్డాయి. మరి పతకం రాని పిల్లల సంగతేమిటి?

ఒలింపిక్స్‌లో మగవాళ్ల బాక్సింగ్ 1904లోనే మొదలైంది. ఆడవాళ్లని 2012లో గాని రానివ్వలేదు. 108 ఏళ్లు! తైక్వాండో కొంత నయం, 2000లో పతకాల ఆటగా చేరినప్పుడే ఇద్దరికీ చోటిచ్చారు.

పేపర్లన్నీ ఆమె పతకాలే రాశాయి. నాకు మాత్రం 2019 ముఖ్యం. ఒలింపిక్ అర్హత పోటీలకు ట్రయల్ లేకుండానే మేరీ కోమ్‌ని పంపుతారనే మాట వచ్చింది. మేరీ కోమ్ చిన్న మనిషి కాదు, ఆరుసార్లు ప్రపంచ చాంపియన్. పిల్లల్ని కని మళ్లీ రింగులోకి వచ్చిన తల్లి. నిఖత్ ఆమెను తక్కువ చేయలేదు. అందరికీ ట్రయల్ పెట్టండని క్రీడల మంత్రికి ఉత్తరం రాసింది. పెద్దవాళ్లకు ఎదురు చెప్తోందని తిట్లు పడ్డాయి. డిసెంబరులో ట్రయల్ జరిగింది, 9-1తో ఓడిపోయింది.

ఓడిపోయేదానికి అంత గొడవెందుకు అన్నారు కొందరు. ఇక్కడ బీడీలు చేసే అక్కలున్నారు. కార్ఖానాలో బీడీలు పక్కకు తీసేస్తే, ఏ లెక్కన తీశావని అడుగుతారు కదా? అడిగినంత మాత్రాన అన్నీ వాపసు రావు. అయినా అడుగుతారు. నిఖత్ అడిగిందీ అదే.

తర్వాత 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో పతకం రాలేదు. అదే ఏడాది మన రాష్ట్ర పోలీసుశాఖలో డి.ఎస్.పి.గా చేరింది.

ఇక మన పని. బడిలో ఆటస్థలం, ఆట సామాను, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మహిళా సంఘాల వాళ్లే ముందున్నారు. అంటే మీరే. ఈసారి మీటింగులో మరుగుదొడ్డి రిపేరుతోపాటు రెండు మాటలు రాయించండి: ఆటల పీరియడ్‌లో ఆడపిల్లలు గ్రౌండులోకి వెళ్తున్నారా, క్లాసులోనే కూర్చుంటున్నారా? మండల పోటీలకు పిల్లల్ని ఎట్లా ఎంపిక చేస్తున్నారు? జవాబు కాగితం మీద తీసుకోండి. వచ్చే సమావేశానికి ఆ కాగితాలు తెస్తే కలిసి చదువుదాం.