చీకటి గదిలో నేర్చుకున్న పాఠం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



సాంకేతికత ఇంత వేగంగా మారుతున్న రోజుల్లో సంస్థలు కొత్త ఆలోచనలను ఎలా పెంచుకోవాలో మాట్లాడమన్నారు. నేను పండితుణ్ణి కాను. ముప్ఫై ఏళ్లు ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి. నాకు తెలిసిన లోకం నుంచే రెండు మాటలు చెబుతాను.

1975లో అమెరికాలోని కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు రీలు అక్కర్లేని కెమెరా తయారుచేశాడు. ఒక్క నలుపు తెలుపు బొమ్మ క్యాసెట్ టేపులోకి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. 1978లో పేటెంటు కూడా వచ్చింది. కానీ కంపెనీ బతుకంతా రీళ్ల మీద, వాటిని కడిగే మందుల మీద, ప్రింటు కాగితం మీద నడిచేది. రీలు లేని కెమెరా అంటే తమ కూటిలో తామే మన్ను పోసుకున్నట్టు అనిపించింది. తర్వాత డిజిటల్ కెమెరాలు అమ్మినా మనసు రీలును వదల్లేదు. 2012 జనవరిలో దివాలా చట్టం కింద రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది.

అవే రీళ్లు అమ్మిన జపాన్ కంపెనీ ఫుజీ, రీలు పోయినా తన చేతిలో మిగిలే విద్య ఏమిటని వెతుక్కుంది. రీలులోని జెలటిన్ కొల్లాజెన్ నుంచి వస్తుంది. మన చర్మంలోనూ కొల్లాజెన్ ఉంది. ఆ జ్ఞానంతో 2007లో చర్మానికి రాసుకునే క్రీములు తెచ్చింది. టీవీ, కంప్యూటర్ తెరల్లో వాడే పల్చటి ఫిల్ములు చేసింది. నిలబడింది.

కొడాక్‌ను తప్పుపట్టే అర్హత నాకు లేదు. నా దగ్గర పనిచేసే కుర్రాడు ఒకరోజు, "చాచా, డిజిటల్ కెమెరా అద్దెకు తెచ్చి ఒక్క పెళ్లికి వాడి చూద్దాం" అన్నాడు. "ముందు నెగెటివ్‌లు సరిగ్గా కడుగు" అన్నాను. ఏడాది తిరక్కుండా వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు నా చీకటి గదిలో పాత సామాన్లు చేరాయి. ఆ రోజు ఒప్పుకుని ఉంటే పోయేదేముంది? పాత కెమెరా పక్కనే ఉండేది కదా!

మన సంఘానికీ ఇదే చెబుతాను. స్కాలర్‌షిప్ దరఖాస్తులు దిద్దే కుర్రాళ్లకు, పింఛను కోసం వచ్చే ముసలమ్మలతో మాట్లాడే అమ్మాయిలకు ఇబ్బంది ఎక్కడుందో మనకంటే బాగా తెలుసు. వారు కొత్త దారి చెబితే ఒక్క వీధిలో, ఒక్క నెల చేసి చూడనివ్వండి. ఫోను లేనివారి కోసం పాత రిజిస్టరు పక్కనే ఉంచండి. ఫలించకపోతే ఎందుకో రాసిపెట్టించండి, చెప్పినవారిని మాత్రం నిందించకండి.

దాతలకు ఒక విన్నపం. జకాత్ సొమ్ము హక్కుదారులది, దానితో ప్రయోగాలు వద్దు. విడిగా ఇచ్చే విరాళంలో కొంత "చేసి చూడండి" అని ఇవ్వండి. లెక్క గట్టిగా అడగండి. కానీ ప్రతి ప్రయత్నమూ గెలవాలని పట్టుబట్టకండి. మీరు కోప్పడతారన్న భయంతోనే కార్యవర్గాలు కొత్త మాట వినడానికి జంకుతాయి. మీరు ధైర్యమిస్తే, మన కుర్రాళ్లు మన దగ్గరే ఉంటారు.