పడవ పనీ, కలం పనీ
(వార్షికోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠం)



మాకిచ్చిన విషయం ‘హునర్’. దర్జీ చేతిలో హునర్ ఉందని మెచ్చుకుంటాం. అదే పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి ‘అబ్బాయి చేతిపని చేస్తాడట’ అని గొంతు తగ్గించి చెబుతాం. ఎందుకు తగ్గుతుందా గొంతు?

అరబీలో పనితనాన్ని ‘సినాఅ’ అంటారు. మన ఉర్దూ ‘సన్‌అత్’ కూడా ఆ కుదురులోదే. ఓడలు కట్టే చోటుకు వాళ్లు పెట్టిన పేరు ‘దారుస్సినాఅ’, అంటే పనితనపు ఇల్లు. ఆ మాట ఇటలీ రేవుల్లో నోళ్లు మారి, చివరికి ఇంగ్లీషులో ‘ఆర్సెనల్’ అయింది. ఆయుధాగారమని మనం అర్థం చెప్పుకునే మాట పుట్టింది వడ్రంగి ఉలి దగ్గరన్నమాట. (ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న కుర్రాళ్లకు ఈ సంగతి చెప్పి చూడండి!)

అరబ్బుల పాతకాలపు ఓడల పలకలకు ఇనప మేకులు ఉండేవి కావు. పలకల అంచున వరసగా బెజ్జాలు వేసి, కొబ్బరి పీచు తాడుతో బట్ట కుట్టినట్టు కుట్టేవారు. కలప చాలావరకు మన మలబారు తీరం నుంచే పోయేది. ఇదంతా కట్టుకథ అనుకునేవారికోసం చెబుతున్నాం: 1980లో ఒమన్‌లోని సూర్ రేవులో అదే పద్ధతిలో ‘సొహార్’ అనే ఓడ కట్టారు. అది మస్కట్‌లో బయలుదేరి 1981లో చైనాలోని కాంటన్ చేరింది. మన గోదావరి పాయల దగ్గర కోరంగిలోనూ ఓడలు కట్టేవారు. 1839 తుఫాను ఆ రేవును దెబ్బతీసింది గాని, బర్మాలో తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అన్న పేరు ఉండిపోయింది.

ఇక ఆ ‘సినాఅ’ మాటనే రాతకూ వాడారు. కైరోలో సుల్తానుల కచేరీలో లేఖకుడుగా ఉన్న అల్‌ఖల్‌ఖషందీ 1412లో ముగించిన గ్రంథం పేరులోనే ‘సినాఅతుల్ ఇన్‌షా’ అని ఉంది, అంటే లేఖలు రాసే పనితనం. అచ్చులో అది 14 సంపుటాలు. అందులో భాష సంగతి ఒక్కటే కాదు. కలం ఎలా చెక్కాలి, సిరా ఎలా కాచాలి, ఏ హోదా వారికి ఏ కొలత కాగితం మీద రాయాలి, అన్నీ ఉన్నాయి. అంత చదువుకున్న మనిషికి కలం చెక్కడం చిన్నతనం అనిపించలేదు.

మన ఉర్దూ పత్రికలను కూడా 1980ల దాకా కాతిబులు చేత్తోనే రాసేవారు. 1981లో నూరీ నస్తాలీఖ్ అక్షరాలు యంత్రానికెక్కాయి. ఆపైన కంప్యూటర్లు వచ్చి కాతిబుల పని పోయింది. యంత్రాన్ని మేము తిట్టడం లేదు. ఆ యంత్రం అక్షరాలైనా ఎక్కడివి? మీర్జా అహ్మద్ జమీల్ అనే ఖత్తాతు వేలాది అక్షర కూర్పులు చేత్తో రాసిస్తేనే కదా వచ్చాయి! మాకు బాధల్లా, పని పోయిన ఆ చేతులకు ఇంకో పని చూపినవారు తక్కువ కావడమే.

మన సంఘం ఉపకారవేతనాలు ఇప్పటిదాకా కాలేజీ చదువులకే పోతున్నాయి. ఐ.టి.ఐ.లో చేరిన పిల్లవాడికీ, కుట్టుపని నేర్చుకునే ఆడపిల్లకూ పనిముట్లకు డబ్బివ్వాలని మేము కోరుతున్నాం. ‘నిధి ఎక్కడిది?’ అని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఉన్న మొత్తంలో నాలుగో వంతు తీసిపెట్టినా మొదలుపెట్టవచ్చునని మా లెక్క. భోజనాల తర్వాత సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెడుతున్నాం. సభ్యులు దయచేసి వెళ్లిపోకండి.