చాయ్‌లో తెల్లగోలీ

(కండ్లకోయ చదువు కేంద్రంలో చేసిన ప్రసంగం)



మొన్న మన కేంద్రంలో ఏం జరిగిందో మీకు ఎరుకే. పలక మీద రాస్తున్న ఒక అక్కకు చేతులు వణికాయి. చెమటలు పట్టాయి. ఆమెకు షుగర్ బీమారి ఉంది. పొద్దున మందు వేసుకున్నది. ఒక్కపొద్దు కదా అని ఏమీ తినలేదు. పక్కనున్నామె ఉరికిపోయి చాయ్ తెచ్చింది. షుగర్ ఉన్న మనిషి అని చక్కెర వేయలేదు. దుకాణంలో అమ్మే తీపి తెల్లగోలీ వేసి తెచ్చింది.

మంచి మనసుతోనే తెచ్చింది. కాని అక్క రక్తంలో చక్కెర పడిపోయింది. ఆ గోలీ నాలుకకే తీపి, రక్తానికి చేరేది ఏమీ లేదు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించినం. పావుగంటలో తేరుకున్నది. తర్వాత అన్నం తిన్నది. సోయి తప్పిన మనిషికి మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు. 108కి ఫోన్ చేయాలి.

అప్పటి నుంచి మీరు అడుగుతున్నారు, "టీచరమ్మా, ఈ గోలీ మంచిదా, చెడ్డదా?" అని.

ఈ తీపి మందులు కొత్తవి కావు. శాక్రిన్ 1879లో అమెరికాలో బయటపడ్డది. చక్కెర కన్నా సుమారు 300 రెట్లు తీపి. కల్తీ కల్లులో దొంగతనంగా కలిపేది కూడా ఇదే. తర్వాత ఆస్పర్టేమ్, సుక్రలోజ్ వచ్చాయి.

బరువు తగ్గడానికి, రోగాలు రాకుండా ఉండటానికి వీటిని వాడొద్దని 2023 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఏండ్ల తరబడి వాడినవాళ్లలో రెండో రకం షుగర్ ఎక్కువగా కనబడ్డది. మరి గోలీయే షుగర్ తెచ్చిందా? అది తేలలేదు. వాన పడితే గొడుగులు కనబడతాయి. గొడుగులే వానను తెచ్చినాయా? ఒళ్లు పెరిగి భయపడ్డవాళ్లే ఈ గోలీలు కొంటారు. వాళ్లకు షుగర్ ముందే దగ్గరలో ఉంటుంది. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు ఆ సంస్థ మాట వర్తించదు. వాళ్లు డాక్టరును అడిగి వాడుకోవాలి.

నా భయం వేరే. చాయ్‌లో గోలీ వేసి, పళ్లెం నిండా తెల్లన్నం పెట్టుకుంటాం. చక్కెర లేని బిస్కెట్లని పొట్లం ఖాళీ చేస్తాం. అందులో మైదా ఉంటుంది, కడుపులో అదీ చక్కెరే అవుతుంది. ఇంకొందరు గోలీ వేస్తున్నాం కదా అని డాక్టరు ఇచ్చిన మందే మానేస్తారు. ఇదీ గోలీయే, అదీ గోలీయే. కాని ఒకటి మందు, ఇంకొకటి ఉత్త తీపి.

ఒక లెక్క చేద్దాం. రోజుకు మూడు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాలు. మొత్తం ఆరు, అంటే సుమారు 25 గ్రాములు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి అంతకు మించొద్దు. మరి సేమియా, లడ్డూ ఎక్కడ పెడతారు? వారానికి అర చెంచా తగ్గించండి. నేనూ తగ్గించిన. అబద్ధమెందుకు, మొదటి వారం చాయ్ కషాయం లెక్క ఉండె. ఇప్పుడు రెండు చెంచాలు వేస్తే తాగలేను.

30 ఏండ్లు దాటినవాళ్లు ఆశా అక్కను అడిగి పరీక్ష చేయించుకోండి. చీటీ మీద అంకె మీరే చదవండి. పరగడుపున 100 లోపు ఉంటే మంచిది. 100 నుంచి 125 అంటే అంచున ఉన్నట్టు. దేశంలో అట్లా ఉన్నవాళ్లు 13 కోట్ల 60 లక్షలని 2023లో అచ్చయిన లెక్క. 126, ఆపైన వస్తే డాక్టరు మళ్లీ చూసి షుగర్ అని ఖాయం చేస్తారు.

మన అక్క ఇప్పుడు పలకతో పాటు కొంగు ముడిలో చక్కెర పొట్లం కట్టుకొని వస్తున్నది. నిన్న పొట్లం మీద తన పేరు తనే రాసుకున్నది.