బేడీలు వేయమన్న ఆర్డరు ఎక్కడ?

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)



ఖమ్మం మిర్చి రైతులను బేడీలతో కోర్టుకు తెచ్చిన ఫొటో మీకు గుర్తుండే ఉంటుంది. 2017 ఏప్రిల్ 28న, ధర పడిపోయి కడుపు మండిన రైతులతో మార్కెట్ యార్డులో గొడవ జరిగింది. పదిమందిని అరెస్టు చేశారు. మే నెలలో కోర్టుకు తెచ్చినప్పుడు చేతులకు బేడీలు. రాష్ట్రమంతా గగ్గోలయ్యాక ఇద్దరు ఎస్సైలను సస్పెండ్ చేశారు. 2020లో అమరావతి రైతులను నరసరావుపేట నుంచి గుంటూరు జైలుకు మార్చినప్పుడూ ఇదే తంతు. 2024 డిసెంబరులో లగచర్ల రైతుకు జైల్లో ఛాతీ నొప్పి వస్తే సంగారెడ్డి ఆస్పత్రికి బేడీలతోనే తీసుకొచ్చారు. ప్రభుత్వాలు మారాయి, బేడీలు మారలేదు. ప్రతిసారీ మనం ఖండిస్తాం, వాళ్లు కిందిస్థాయి వాళ్లమీద వేటు వేస్తారు, అంతటితో సరి.

కానీ ఇది ఎవరో దయతలచి ఆపాల్సిన పని కాదు. 1980లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. తీహార్ జైల్లో ఉన్న ప్రేమ్ శంకర్ శుక్లా అనే విచారణ ఖైదీ, కోర్టుకు తీసుకెళ్లేటప్పుడు బేడీలు వేస్తున్నారని జడ్జికి టెలిగ్రాం కొట్టాడు. అంతే, పెద్ద వకీలేమీ లేడు. దాన్నే పిటిషన్‌గా తీసుకున్నారు. తీర్పు రాసింది జస్టిస్ కృష్ణయ్యర్. పారిపోతాడనడానికి గట్టి ఆధారం ఉండి, వేరే దారి లేనప్పుడే బేడీలు వేయాలి, ఆ కారణం కాగితం మీద రాయాలి అన్నారు. అప్పట్లో పంజాబ్ పోలీసు రూల్సులో హోదా, చదువు ఉన్నవాళ్లకు ఒక లెక్క, మామూలోళ్లకు ఒక లెక్క ఉండేది. అదీ చెల్లదన్నారు. మన పంచెకట్టు చూసి బేడీ తీసేవాళ్లకు ఈ ముక్క వినిపించాలి.

1995లో ఇంకో అడుగు వేశారు. గౌహతి ఆస్పత్రిలో ఖైదీలకు బేడీలు వేసి తాళ్లతో కట్టారని జర్నలిస్టు కులదీప్ నయ్యర్ రాసిన ఉత్తరం మీద వచ్చిన తీర్పు అది. జైలు నుంచి కోర్టుకైనా, ఇంకో జైలుకైనా బేడీలు వేసి తీసుకెళ్లాలంటే మేజిస్ట్రేట్ ఆర్డరు ఉండి తీరాలి. కాదంటే కోర్టు ధిక్కారమే. 2025 ఫిబ్రవరిలో హర్యానా కేసులోనూ, ఆస్పత్రి మంచానికి గొలుసుతో కట్టేయడం 21వ అధికరణానికి విరుద్ధమన్నారు. అరెస్టు కారణం చెప్పలేదు కాబట్టి ఆ అరెస్టే చెల్లదన్నారు.

2024 జులై నుంచి కొత్త చట్టం వచ్చింది, బేడీలు వేయొచ్చు కదా అని కొందరు పోలీసులు అంటారు. ఆ చట్టం 43వ సెక్షన్‌లో హత్య, అత్యాచారం, ఉగ్రవాదం వంటి నేరాల జాబితా ఉంది. ధర్నా లేదు, రాస్తారోకో లేదు. అయితే పదేపదే నేరం చేసేవాడు అన్న మాట ఒకటుంది. అదే నాకు భయం. మన కార్యకర్తల మీద పాత కేసులు కుప్పలుగా పడి ఉన్నాయి. వాయిదాలకు వెళ్లకుండా వాటిని మురగబెట్టకండి.

ఇక నా సంగతి. ఒకసారి నన్ను రిమాండుకు పెట్టినప్పుడు, పోలీసులు ఏమైనా ఇబ్బంది పెట్టారా అని మేజిస్ట్రేట్ అడిగారు. మణికట్టు కమిలి ఉంది. పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. "లేదండి" అన్నాను. ఆ ఒక్కమాటతో నా ఫిర్యాదు అక్కడే చచ్చిపోయింది. తర్వాత ఎన్ని కరపత్రాలు వేసి ఏం లాభం? చెప్పాల్సిన చోట నోరు పెగల్లేదు.

కాబట్టి మేజిస్ట్రేట్ అడిగినప్పుడు చెయ్యి చూపించండి. "బేడీలు వేశారు, రాసుకోండి" అనండి. అడగకపోయినా చెప్పండి. బయట ఉన్నవాళ్లు ఫొటో తీయండి, తేదీ, టైము, వ్యాన్ నంబరు రాసి పెట్టండి. వకీలుకు డబ్బుల్లేవంటే, కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ రెండు తీర్పుల సారాంశం తెలుగులో రాయించి ఒక కాగితం మీద అచ్చేయించాం, అదిగో ఆ బల్లమీద ఉంది. తలా రెండు తీసుకెళ్లండి, ఒకటి ఇంట్లో ఆడవాళ్ల దగ్గర ఉంచండి. స్టేషన్‌కు ముందు పరిగెత్తేది వాళ్లే.